టిమోఫెయ్ గెలిచిన పొట్టేలు

మా ఆయన టిమోఫెయ్ నోరు తెరిచాడంటే మా ఇంట్లోంచి ఏదో ఒక వస్తువు గడప దాటిపోతుంది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో అలా పోయినవి ఒక వైను పీపా, రెండు తేనెపెట్టెలు, మా పెళ్లికి మా అమ్మ నేసిచ్చిన గోడ తివాచీ. ప్రతిసారీ గొంతు చించుకున్నాను, మూడేసి రోజులు మాట్లాడ్డం మానేశాను, చివరికి పోతే పోయిందిలే అనుకున్నాను. ఈ ఆగస్టులో మాత్రం అలా అనుకోవడం నావల్ల కాలేదు. ఈసారి ఆయన ఇచ్చేసింది నా మీత్సును.

మీత్సు మా పొట్టేలు. రెండేళ్ల కిందట మార్చి మంచులో పుట్టాడు. వాణ్ని ఈనిన గంటకే తల్లి కన్నుమూసింది. అప్పటికి వాడు నాలుగు ఎముకలు, కాస్త తడి ఉన్ని. పొయ్యి పక్కన ఆపిల్ పళ్ల పెట్టెలో పడుకోబెట్టి, సీసాతో పాలు పట్టి బతికించాను. ఇప్పుడు డెబ్బై కిలోలున్నాడు, కొమ్ములు రెండు చుట్లు తిరిగాయి. అయినా నా చెప్పుల చప్పుడు వింటే చాలు, ఆపిల్ తొక్కల కోసం వంటింటి తలుపును తలతో గుద్దుతాడు. మాకు పిల్లల్లేరు. పొద్దున్న లేచి నేను ముందుగా చూసే మొహం ఎవరిదంటే, టిమోఫెయ్‌ది మాత్రం కాదు.

ఆగస్టు ఇరవై ఏడు మా మోల్దోవా స్వాతంత్ర్య దినం. ఆ రోజు మా ఊరి మైదానంలో జెండా ఎగరెయ్యడం, బ్యాండు, కూరో పండో లోపల కూరి కాల్చే ప్లచింత రొట్టెల పోటీ, సాయంత్రం కుస్తీ. కుస్తీలో మొదటి బహుమతి పొట్టేలు, రెండో బహుమతి కోడిపుంజు. ఏటా పొట్టేలు ఇచ్చే ఆసామి ఈ వసంతంలో కుటుంబంతో సహా జర్మనీ వెళ్లిపోయాడు. పండగ ఇంకా పది రోజులుందనగా మా మేయరమ్మ ఎలియొనోరా పొట్టేలు కోసం ఇల్లిల్లూ తిరిగింది. ఎవరూ ఇస్తామనలేదు. చివరికి, ద్రాక్ష కోతకు ముందు పాత పీపాలు ఖాళీ చేసే పనిలో మగాళ్లంతా కూర్చున్న నేలమాళిగలోకి దిగింది.

"ముప్పై రెండేళ్ల దేశం, ఒక్క పొట్టేలుకి గతిలేక పరువు తీసుకోవాలా?" అందట.

మా ఆయన లేచి నిలబడ్డాడట. గ్లాసు ఎత్తాడట. "నేనుండగానా? మా మీత్సుని పట్టుకుపోండి!" అన్నాడట.

మా దగ్గర గ్లాసు ఎత్తి నలుగురిలో అన్న మాటను వెనక్కి తీసుకోవడం ఉండదు. తీసుకున్నవాడి ఇంట్లో ఆ తర్వాత ఎవరూ గ్లాసు ముట్టరు, వాడి పెళ్లికీ చావుకీ కూడా మొక్కుబడిగా వచ్చిపోతారు. అయినా మర్నాడు పొద్దున్నే నేను పంచాయతీ ఆఫీసుకు పరిగెత్తాను. వేరే పొట్టేలును కొనిస్తానని చెబుదామనుకున్నాను. దారిలో ఊరి కొట్టు తలుపు దగ్గరే ఆగిపోయాను. అప్పటికే పెద్ద కాగితం అంటించి ఉంది. చుట్టూ నీలం, పసుపు, ఎరుపు రంగుల అంచు. మధ్యలో నా మీత్సు, పెళ్లికొడుకులా ఫొటోలోకి చూస్తూ.

"మీవాడి ఫొటో ఎంత బాగా వచ్చిందో చూశావా అక్కా?" అంది మేయరమ్మ వెనకనుంచి. "చుట్టుపక్కల తొమ్మిది ఊళ్లకి పంపించా. ఫోన్లో ఇప్పటికే నాలుగొందల మంది చూశారు."

"ఆ నాలుగొందల మందీ నోట్లో నీళ్లూరుతూ చూశారా?"

"అదేం మాటక్కా. బహుమతి అన్నాక తింటారు మరి. పోయినేడు గెలిచినవాడు రాత్రికల్లా సీకుకి గుచ్చి కాలుస్తూ ఫొటో పెట్టలేదూ?"

ఇక వేరే పొట్టేలు సంగతి ఎత్తకుండానే వెనక్కి తిరిగాను. ఇంటికొచ్చేసరికి టిమోఫెయ్ తేనెపెట్టెల దగ్గర వల తొడుక్కుని తిరుగుతున్నాడు. ఆ వల మొహం మీద ఉంటే నేనేమన్నా వినపడదని ఆయన నమ్మకం. నేను వల ఎత్తి మరీ అడిగాను.

"ఏవయ్యా, నా మీత్సుని ఎవడి కడుపులోకి పంపిద్దామనుకున్నావు?"

"పొరపాటైపోయిందే. వైను బాగుంది, మేయరమ్మ ఏడుపుమొహం పెట్టింది, దేశం అంది..."

"దేశానికి నీ తేనె ఇవ్వకపోయావా?"

"ఎవడైనా తేనె కోసం కుస్తీ పడతాడా?"

ఆయనకి యాభై తొమ్మిదేళ్లు. చొక్కా విప్పితే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. కొండమీదికి నీళ్ల డబ్బా మొయ్యాలంటే రెండు చోట్ల కూర్చుంటాడు. నేను ఆయన్ని తల నుంచి కాళ్లదాకా చూశాను. అలా చూస్తుంటే బుర్రలో ఒక ఆలోచన మెరిసింది, నాకే నవ్వొచ్చింది.

మాకు పిల్లల్లేరన్నాను కదా. అందుకేనేమో ఊరు తన పిల్లల్ని ఒకరి తర్వాత ఒకరుగా మా చేతుల్లో పెట్టింది. బాప్తిస్మం నాడు చర్చిలో బిడ్డను ఎత్తుకుని నిలబడే జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి మేమే. అలా ఇరవై మూడు మందిని ఎత్తుకున్నాం. మా దగ్గర జ్ఞానతండ్రి అంటే కన్నతండ్రి కంటే ఒక మెట్టు పైనే. కన్నతండ్రితో గొడవపడి గొంతు పట్టుకున్నవాళ్లని చూశాను. జ్ఞానతండ్రికి ఎదురు చెప్పినవాణ్ని మాత్రం చూడలేదు. ఇక ఊరందరి ముందు ఆయన వీపు నేలకి తగిలించడమంటే, వాడికే కాదు, వాడి పిల్లలకీ అరిష్టమని ముసలివాళ్లు వణికిపోతారు. కుస్తీలో పేరిచ్చిన మా ఊరి కుర్రాళ్లు ఆరుగురు. ఆ ఆరుగురూ మా చేతుల్లో ఉచ్చపోసినవాళ్లే.

"నువ్వు కుస్తీ పడుతున్నావు," అన్నాను.

"నేనా?"

"నువ్వే. మీత్సుని గెలుచుకురా. లేదంటే ఇరవై ఏడు సాయంత్రం బస్సుకి నేను సొరోకాలో మా చెల్లి దగ్గరికి పోతా. నీ సంకటి నువ్వే కలుపుకో."

"నా నడుం సంగతి తెలుసు కదే!"

"నోరు గట్టిగానే ఉందిగా. మిగతాది నేను చూసుకుంటా."

పండగ నాడు ఎండ మాడ్చేసింది. మేయరమ్మ ఉపన్యాసం ముప్పావుగంట సాగింది. బ్యాండువాళ్లలో ఒకాయన బాకా ఒళ్లో పెట్టుకునే నిద్రపోయాడు. ప్లచింతల పోటీలో నా క్యాబేజీ ప్లచింతకి మూడో స్థానం ఇచ్చారు. మామూలుగా అయితే ఆ తీర్పు చెప్పినవాళ్లని వారం రోజులు ఏకిపారేసేదాన్ని. ఆ రోజు నాకు దాని మీద ధ్యాసే లేదు. మీత్సును బరి పక్కన గుంజకు కట్టేశారు. కొమ్ములకు మూడు రంగుల రిబ్బన్లు చుట్టారు. వాడు ఒక రిబ్బను కొస నములుతూ నా వైపు చూసి అరిచాడు. "వస్తున్నానురా," అని గొణుక్కున్నాను.

టిమోఫెయ్ తాత కాలపు నారచొక్కా వేసుకుని, నడుముకు ఎర్ర పట్టీ బిగించి బరిలోకి దిగాడు.  మైదానమంతా నవ్వు మొదలైంది.

"టిమోఫెయ్ మావా, తేనెటీగల్ని తెచ్చుకున్నావా?" అని ఎవడో అరిచాడు.

"తెచ్చుకోలేదురా. నిన్ను కుట్టడానికి నేనొక్కణ్ని చాలు," అన్నాడు ఈయన. నోరు మాత్రం గట్టిది అని ఊరికే అన్నానా.

పోటీలో మొత్తం ఎనిమిది మంది. మా ఆయన, మా జ్ఞానబిడ్డలు ఆరుగురు, పక్క లోయ ఊరినుంచి వచ్చిన సావా అనే అతను. ఈ సావా ఎవరో అప్పటిదాకా నాకు తెలీదు. వాడి మెడ, తల ఒకే మందాన ఉన్నాయి. ఆ ఒళ్లు చూస్తేనే గడ్డీగాదం తిని పెరిగింది కాదని తెలిసిపోతుంది. రోజుకో పొట్టేలు కావాలి ఆ కడుపుకి అనుకున్నాను.

మొదటి పట్టు టిమోఫెయ్‌కీ యాకోబ్‌కీ పడింది. యాకోబ్ ట్రాక్టరు నడుపుతాడు. టైరు పంచరైతే ఒంటిచేత్తో చక్రం ఎత్తగలడు. వంగి మా ఆయన పట్టీ పట్టుకున్నాడు. పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"పెద్దనాన్నా," అన్నాడు రహస్యంగా, వాడి రహస్యం మూడో వరస దాకా వినబడుతుంది, "మిమ్మల్ని నేనెలా పడేస్తాను?"

"నన్నెందుకురా పడెయ్యడం? నువ్వే పడు," అన్నాడు మా ఆయన.

యాకోబ్ ఒకసారి నా వైపు చూశాడు. నేను తలగుడ్డ సర్దుకుంటున్నట్టు నటిస్తూ కళ్లు పెద్దవి చేశాను. వాడు నిట్టూర్చి, ముందు కూర్చుని, తర్వాత వీపు వాల్చి, రెండు భుజాలూ నేలకి ఆనించాడు. పడుతూ పడుతూ మా ఆయన్ని పొట్టమీద కూర్చోబెట్టుకోవడం కూడా మర్చిపోలేదు. జనం ఈలలు వేశారు.

"ఇది కుస్తీయా, పక్క వేసుకోవడమా?" అంది మేయరమ్మ మైకులో.

"రెండు భుజాలూ నేలకి తగిలాయా లేదా? అదొక్కటి చెప్పు," అన్నాను నేను.

తగిలాయి. రూలు అదొక్కటే.

రెండో పట్టులో ఇలారియోన్ వచ్చాడు. వీడు కాస్త మొండి ఘటం. చదువుకున్నవాడు, రాజధానిలో ఉద్యోగం. ఇలాంటి పట్టింపులన్నీ పాతకాలం చాదస్తమంటాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ దిగాడు. "పెద్దనాన్నా, ఏమీ అనుకోకండి. ఆట ఆటే," అని మా ఆయన్ని నడుము పట్టి గాల్లోకి లేపాడు. టిమోఫెయ్ కాళ్లు గిలగిల కొట్టుకున్నాయి.  ఇక లాభం లేదని బరి అంచుకి పోయాను.

"ఒరేయ్ ఇలారియోనూ! నవంబరులో నీ పెళ్లికి కొవ్వొత్తి పట్టుకునేదెవర్రా?"

జ్ఞానతండ్రి కొవ్వొత్తి పట్టకపోతే మా చర్చిలో పెళ్లి జరగదు. వాడు ఆగాడు. మా ఆయన ఇంకా గాల్లోనే ఉన్నాడు.

"బాప్తిస్మం తొట్టెలో గుక్కపట్టి ఏడుస్తుంటే ఎవరి గడ్డం పీకావురా? ఆ గడ్డమే కదరా ఇప్పుడు నీ చేతుల్లో వేలాడుతోంది?"

జనం గొల్లుమన్నారు. కాబోయే పెళ్లికూతురి తల్లి ముందు వరసలోనే ఉంది. ఆమె గుండెల మీద సిలువ గీసుకుని ఇలారియోన్ వైపు ఒక చూపు చూసింది. నా అరుపులు అంత పని చెయ్యలేకపోయేవి. వాడు మా ఆయన్ని జాగ్రత్తగా, గుడ్ల బుట్టలా నేల మీదికి దించి, తను పక్కనే వెల్లకిలా పడుకున్నాడు. తెల్లచొక్కా నిండా బరిలో పరిచిన రంపపుపొట్టు అంటుకుంది.

ఈలోపు అవతలి జోడీల్లో సావా తనకి ఎదురుపడ్డ మా కుర్రాళ్లిద్దర్నీ ఊపిరి తీసుకునే లోపు మట్టి కరిపించాడు. ఇక మిగిలింది ఆఖరి పట్టు. టిమోఫెయ్, సావా. మధ్యలో అరగంట హోరా ఆట. జనం చేతులు పట్టుకుని గుండ్రంగా తిరగడం మొదలుపెట్టారు.

టిమోఫెయ్ నా దగ్గరికొచ్చి కూలబడ్డాడు. "అగాఫియా, వాడు మనవాడు కాదే. నన్ను విరిచి పొయ్యిలో పెడతాడు."

"నీళ్లు తాగి ఇక్కడే కూర్చో. నేనిప్పుడే వస్తా."

సావా భార్య ఎక్కడుందో నేను పొద్దున్నే చూసిపెట్టుకున్నాను. అక్రోటు చెట్టు నీడలో, చంకలో ఆర్నెల్ల బిడ్డతో కూర్చుని ఉంది. పేరు లిలియా. బిడ్డ మణికట్టుకి దిష్టి తగలకుండా ఎర్రదారం కట్టి ఉంది, మెడలో మాత్రం సిలువ లేదు. బాప్తిస్మం అయిన బిడ్డకు మెడలో సిలువ ఉంటుంది. ఆ ఖాళీ మెడను చూశాకే నాకు ప్రాణం లేచొచ్చింది.

పక్కన కూర్చుని, నా బుట్టలోంచి చెర్రీ ప్లచింత తీసి చేతిలో పెట్టాను.

"ఎంత ముద్దుగా ఉందమ్మా! బాప్తిస్మం ఎప్పుడు చేశారు?"

"ఎక్కడ పిన్నీ! మేం అనుకున్నాయన ఇటలీలో ఉన్నాడు. ఈస్టర్‌కి వస్తానన్నాడు, తర్వాత జూన్ అన్నాడు, ఇప్పుడు క్రిస్మస్ అంటున్నాడు."

"అయ్యో. ఇంత జనంలోకి, ఇన్ని కళ్ల ముందుకి, సిలువ కూడా లేకుండా తీసుకొచ్చావా తల్లీ?"

లిలియా ఎర్రదారాన్ని తడుముకుంది. నేను పైకి చూసి ఒక్క నిట్టూర్పు విడిచాను. జ్ఞానతల్లిగా ఉంటానని మనంతట మనం అడగకూడదు. కన్నవాళ్లే రొట్టె చేతిలో పెట్టి అడగాలి. అడిగితే కాదనకూడదు, అది పాపం. కాబట్టి నా పనల్లా అడిగించుకోవడం.

"మేం ఇరవై మూడు మందిని ఎత్తుకున్నామమ్మా. ఒక్కరికి కూడా జలుబు మించి రోగం రాలేదు. మా ఆయనది మంచి చెయ్యి. ఆ యాకోబ్ ఉన్నాడే, ట్రాక్టరు చక్రం ఎత్తేవాడు, వాడు పుట్టినప్పుడు ఎండు చేపలా ఉండేవాడు."

"ఇరవై మూడు మందా?"

"ఇరవై నాలుగో బిడ్డ ఇంకెవరికి రాసిపెట్టి ఉందో."

లిలియా నన్ను కాసేపు చూసింది. తర్వాత బరి వైపు, నీళ్లు తాగుతూ వగరుస్తున్న మా ఆయన వైపు చూసింది. మళ్లీ నా వైపు చూసి పెదవి కొరుక్కుంది. ఆమెకి అర్థమైపోయిందేమో అని నాకు చెమట పట్టింది. అయినా ఆమె పక్కన మూటలోంచి గుండ్రటి రొట్టె తీసి నా చేతుల్లో పెట్టింది.

"పిన్నీ, మా బిడ్డకి మీరే తల్లీతండ్రీ అవుతారా?"

"దేవుడిచ్చిన మాట, ఎలా కాదంటాను?" అని రొట్టెను ముద్దుపెట్టుకున్నాను. బిడ్డ బుగ్గ కూడా ఒకసారి గిల్లాను, కానీ నా కళ్లు మీత్సు మీదే ఉన్నాయి.

హోరా ఆగింది. సావా బరిలోకి దిగి, మా ఆయన పట్టీ మీద రెండు చేతులూ వేశాడు. టిమోఫెయ్ కళ్లు మూసుకున్నాడు. ఆయన పెదవులు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తున్నాడో నన్ను తిడుతున్నాడో తెలీదు.

"సావా!" లిలియా గొంతు మైదానం దాటి వినిపించింది. "ఆయన్ని పడేశావా, ఇంటికి రాకు!"

"ఏమైందే?"

"బిడ్డకి జ్ఞానతండ్రి ఆయనే! ఇప్పుడే రొట్టె ఇచ్చా!"

సావా మొహంలో ఒకదాని తర్వాత ఒకటి ఏమేం నడిచాయో నేను చెప్పలేను. మొదట కోపం వచ్చింది, తర్వాత పొట్టేలు వైపు ఒకసారి ఆశగా చూశాడు, చివరికి చేతులు వదిలేశాడు. మా ఆయన ముందు ఒంటి మోకాలు మీద కూర్చుని, చెయ్యి కళ్లకద్దుకుని, అలాగే వెనక్కి వాలి భుజాలు నేలకానించాడు. అంత పెద్ద మనిషి నేల మీద పడితే దుమ్ము లేచింది. నవ్వీ నవ్వీ జనం కళ్లు తుడుచుకున్నారు. మేయరమ్మ మైకు కింద పెట్టి, నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

నేను బరిలోకి పరిగెత్తాను. టిమోఫెయ్‌ని దాటుకుని వెళ్లి మీత్సు మెడ కౌగిలించుకున్నాను. వాడు నా చెవి నాకాడు. ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను, నిజంగానే కళ్లు చెమర్చాయి.

అప్పుడు యాకోబ్ వచ్చాడు, వెనకాల మిగతా ఐదుగురూ. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి.

"పెద్దనాన్నా, నిప్పులు ఎక్కడ వెయ్యమంటారు? ఇక్కడేనా, మీ పెరట్లోనా?"

"ఏం నిప్పులురా?" అన్నాడు మా ఆయన.

"అదేంటి? ఊరివాడు గెలిస్తే పొట్టేలు ఊరి కడుపులోకే కదా!"

నా చేతులు మీత్సు మెడ మీదే బిగుసుకుపోయాయి. పై ఊరివాడు గెలిస్తే బండిలో వేసుకుపోతాడు. ఊరివాడు గెలిస్తే ఆ రోజే కోసి, ఓడినవాళ్లందరికీ తన చేత్తో వడ్డించాలి. మా నాన్న కాలం నుంచీ ఉన్న ఆచారమే అది. పద్నాలుగేళ్లుగా ఊరివాడెవడూ గెలవక నా బుర్రలోంచి జారిపోయింది. వేరేవాడి సీకు నుంచి తప్పిద్దామని, నా చేతులతో నేనే వాణ్ని నా పొయ్యి దాకా తెచ్చుకున్నాను.

"కోళ్లు కోస్తా," అన్నాను. "ఎనిమిది కోళ్లు. బాతు కూడా."

"కోళ్ల కోసమా పెద్దమ్మా మేం పొర్లింది?" అన్నాడు ఇలారియోన్, చొక్కా మీద రంపపుపొట్టు చూపిస్తూ. "మిమ్మల్ని గౌరవించాం. ఇప్పుడు మీరు మమ్మల్ని గౌరవించండి."

"ఆచారం ఆచారమే అక్కా," అంది మేయరమ్మ. ఆమె గొంతులో సంతోషం దాగలేదు. "భుజాలు తగిలాయా లేదా అని రూలు అడిగింది నువ్వేగా."

లిలియా బిడ్డను ఎత్తుకుని నా పక్కకి వచ్చింది. మెల్లగా అంది, "ఇంత తంతూ దీన్ని తినడానికా పిన్నీ? నాకు మీ ఎత్తు తెలుసు. అంత తెలివి ఉన్నావిడ మా బిడ్డకి తోడుంటే మంచిదే కదా అని రొట్టె ఇచ్చా. పొట్టేలు మీద అంత ప్రేమేమో అనుకున్నా."

"ప్రేమేనమ్మా! మీ ఆయన వీణ్ని కోస్తాడనే కదా నేను..."

"కొయ్యడమా? మాకు పదకొండు గొర్రెలున్నాయి, మగది ఒక్కటీ లేదు. సావా వీడి ఫొటో చూసిన రోజునుంచీ కొట్టం కడుతున్నాడు."

 నేను కాలడ్డం పెట్టి ఆపిన మనిషి నా మీత్సుకి ఇల్లు కట్టాడు. పదకొండు మంది పెళ్లాలతో రాజాలా బతకాల్సినవాడు ఇప్పుడు ఇక్కడ, నా జ్ఞానబిడ్డల ఆకలి మధ్యలో నిలబడి, రిబ్బను నములుతున్నాడు. యాకోబ్ అప్పటికే కట్టెలు తేవడానికి ఎవరినో కేకేశాడు. ఇంకో గంట గడిస్తే ఏడవడానికి కూడా మిగలదు. లిలియా ఇచ్చిన రొట్టె ఇంకా నా చంకలోనే ఉంది. దాన్ని రెండు చేతులతో పైకెత్తాను.

"అందరూ వినండి! ఈ బిడ్డకి జ్ఞానతల్లిగా నేనిచ్చే మొదటి కానుక ఈ పొట్టేలు!"

యాకోబ్ కట్టెలవాణ్ని ఆగమని చెయ్యి ఎత్తాడు. జ్ఞానబిడ్డకు ఇచ్చినదాన్ని మా దగ్గర ఎవరూ ముట్టరు. కొయ్యడం సంగతి అటుంచి, తిరిగి అడగడం కూడా ఉండదు. నాక్కూడా. ఇన్నేళ్లూ టిమోఫెయ్ మాట ఇచ్చేటప్పుడు ఎలా ఉంటుందో నాకు అర్థమయ్యేది కాదు. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట, వచ్చాక ఎంత బరువెక్కిందో అప్పుడు తెలిసింది.

"నన్ను ఒక్క మాట అడగవా?" అన్నాడు టిమోఫెయ్ నోరు వెళ్లబెట్టి. "గెలిచింది నేను!"

"నన్నడిగావా నువ్వు?"

ఆయన నోరు మూసుకున్నాడు. ఇన్నేళ్లలో అది మొదటిసారి.

సావా తన వ్యాను వెనక తలుపు తెరిచి పలక వాల్చాడు. లోపల గడ్డి పరిచి ఉంది, తన గొర్రెల వాసన కొడుతోంది. నేను మీత్సు కొమ్ముల రిబ్బన్లు విప్పాను. వాడు గాలి పీల్చాడు, ముక్కు ఎగరేశాడు, ఎవరూ తొయ్యకుండానే పలక ఎక్కి లోపలికి పోయాడు. వెనక్కి తిరిగి ఒక్కసారి చూస్తాడేమో అని నిలబడ్డాను. చూడలేదు. వ్యాను రోడ్డెక్కేదాకా నిలబడి, ఆ తర్వాత ఏడ్చాను. టిమోఫెయ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. 

తర్వాత ఎనిమిది కోళ్లనూ బాతునూ కోశాం. ఆరుగురూ మా పెరట్లో కూర్చుని గొణుగుతూనే మొక్కజొన్న సంకటి బానెడు ఖాళీ చేశారు. ఇలారియోన్ మూడుసార్లు పెట్టించుకుని, పొట్టేలైతే నాలుగుసార్లు తినేవాణ్ననన్నాడు. వాళ్లు పోయాక గిన్నెలు తోముతుంటే టిమోఫెయ్ నా పక్కన తుండుగుడ్డ పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంతకీ ఏం బిడ్డే?"

"ఏం బిడ్డంటే?"

"ఆడపిల్లా, మగపిల్లాడా? పేరేంటి?"

నా చేతిలో గిన్నె ఆగిపోయింది. రొట్టె తీసుకున్నాను, ముద్దుపెట్టుకున్నాను, బుగ్గ గిల్లాను, ఊరందరి ముందు కానుక ప్రకటించాను. అడగలేదు. ఇరవై మూడు మందిని ఎత్తుకున్నదాన్ని, ఒక్కరి విషయంలోనూ ఇలా చెయ్యలేదు. ఆ బిడ్డ మొహం ఎలా ఉంటుందో గుర్తు చేసుకుందామంటే నాకు ఎర్రదారం ఒక్కటే గుర్తొచ్చింది. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కాను. ఒళ్లో చిన్న వెండి సిలువ, బుట్టలో ఆపిల్ తొక్కలు. ముందు బిడ్డను చూడాలి, ఆ తర్వాతే వాడిని, అని దారిపొడుగునా నాకు నేను చెప్పుకున్నాను. వాళ్ల గేటు తీస్తుంటే కొట్టంలోంచి మీత్సు అరిచాడు. నా చెప్పుల చప్పుడు విన్నట్టున్నాడు. నా కాళ్లు అటు తిరిగాయి. వాటిని బలవంతంగా ఇంటి వైపు తిప్పుకుని, మెట్లెక్కి తలుపు కొట్టాను.

ఆడపిల్ల. పేరు సొఫ్రోనియా. ఎడమ బుగ్గ మీద సొట్ట ఉంది.